సాలు విడిచి సాలు

రోజా సాలు మధ్యలో కూలబడింది. పడిపోవడం కాదు, కళ్ళు తిరగడం కాదు. మెలేసిన చెరకాకు చేతిలో అలాగే ఉంది. చెరకు దుబ్బుకి వీపు ఆనించి మెల్లగా కిందికి జారింది. అటు సాలులోనూ ఇటు సాలులోనూ ఆడవాళ్ళు ఆకు లాగుతున్న చప్పుడు ఆమెను దాటుకుని ముందుకి వెళ్ళిపోయింది.

గట్టు మీద గేదెకి గడ్డి కోసుకుంటున్న బంగార్రాజు అది చూసేడు. చూసి కొడవలి ఆపేడు. కోడలు అలా జారిపోవడం ఆయనకి కొత్త కాదు. రెండేళ్ళ కిందట డెంగీ జ్వరం వచ్చింది, తగ్గింది. జ్వరం పోయింది గాని దాంతో పోయిన సత్తువ మళ్ళీ రాలేదు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని కాగితాలు చెప్పేయి. కాగితాలు బాగున్నాయి కాబట్టి ఊరు ఇంకో మాట చెప్పింది, వళ్ళొంగనిదని.

చేలో జరుగుతున్నది జడచుట్టు పని. వానలకి చెరకు మనిషిని దాటిపోయేక, కిందున్న ఎండాకు రాల్చేసి, పచ్చాకుని తాడులా మెలేసి, దుబ్బుని పక్క దుబ్బుతో కలిపి నడుమెత్తున కట్టెయ్యాలి. కట్టకపోతే దీపావళికి అటో ఇటో వచ్చే గాలికి చేను చేనంతా పడుకుంటుంది. పడుకున్న చెరకుని ఎలకలు కొరుకుతాయి, కణుపు కణుపుకీ వేళ్ళొస్తాయి, కొట్టడానికి ఏ ముఠా రానంటుంది.

ఈ పనికి కూలి మనుషులు దొరకరు. ఆడవాళ్ళే జట్టు కట్టుకుని బదుళ్ళు పోతారు. ఇవాళ నీ చేలో నా చెయ్యి, రేపు నా చేలో నీ చెయ్యి. ఇంటికో చెయ్యి. చెయ్యి తగ్గిన ఇంటి చేలోకి జట్టు రాదు. ఇన్నాళ్ళూ బంగార్రాజు ఇంటి చెయ్యి ఆయన పెళ్ళాం అచ్చియ్యమ్మది. మోకాళ్ళు అరిగిపోయి ఈ ఏడు ఆమె మూల కూచుంది. ఆమె బదులు రోజా వచ్చింది.

జట్టుకి పెద్ద మంగాయమ్మ. మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా, తలకి తువ్వాలు, కళ్ళు మాత్రం కనపడేటట్టు. సాలు చివరి దాకా వెళ్ళి, ఒక చప్పుడు తగ్గిందని వెనక్కి వచ్చింది. రోజాని చూసి కేకలెయ్యలేదు. కేకలేసి ఉంటే బంగార్రాజుకి తేలిగ్గా ఉండేది.

“నీ మీద నాకు కోపం లేదే రోజా. నువ్వొదిలేసిన సాలు ఎవులు కడతారో సెప్పు. వీళ్ళకీ నడుములే కదా ఉన్నాయి.”

వెనక నించి ఎవరో ఫోను చూడ్డానికైతే నడుం నొప్పి ఉండదని అన్నారు. ఆకు చాటున నవ్వులు. రోజా లేవబోయింది. ఒక మోకాలు లేచింది, రెండోది లేవలేదు. మంగాయమ్మ రెక్క పట్టుకుని లేపి, గట్టు మీద కూచోబెట్టి, రేపట్నించి ఆ ఇంటి చెయ్యి లెక్కలోకి రాదని చెప్పేసింది. అందరూ విన్నారు. అంటే బంగార్రాజు చేను కట్టే వంతు ఇక లేనట్టే.

బంగార్రాజు గడ్డిమోపు అక్కడే వదిలి వచ్చేడు. ఆయన మాటాడితే ఊళ్ళో చెప్పుకుంటారు, అంత తక్కువ. ఆడవాళ్ళు ఆకు లాగడం ఆపేరు.

“వస్తాది. రేపూ వస్తాది. సాలు కడతాది. నాది పూచీ.”

మంగాయమ్మ ఆయన మొహం వైపు చూసి, పూచీ నీదయితే సరే బావా అంది. అనేసి తన సాలులోకి వెళ్ళిపోయింది.

రోజా మాత్రం మావగారి వైపు చూడలేదు. చేతి మీద చెరకాకు కోసిన గీతల్ని కొంగుతో అద్దుకుంటూ కూచుంది.

*

ఆ పూచీ ఆయన గాలికి అన్నది కాదు. వినాయక చవితి వెళ్ళినప్పట్నించీ కోడలికి కషాయం కాస్తున్నాడు. వానలు వెనకబట్టి మంచు ఇంకా మొదలవని ఈ రోజుల్లోనే ఆకులో గుణం ఉంటుందని వాళ్ళమ్మ అనేది. పొలం గట్లన్నీ ఇప్పుడు కలుపుమందు కొట్టిన గట్లే, అక్కడి ఆకు ముట్టకూడదు. అందుకని తెల్లారకుండానే కాలవ దాటి, కొండ వారన ఎవరూ సాగు చెయ్యని నేల చెక్కలోకి పోయేవాడు. గలిజేరు, నేలఉసిరి వేళ్ళతో సహా పీకేవాడు. చెమ్మ నేలలో పొన్నగంటి తుంచేవాడు. వేపచెట్టుకి పాకిన తిప్పతీగని బొటనవేలు లావున చూసి కోసి, పైతోలు గోటితో గీకి, గుండ్రాయితో నలగ్గొట్టేవాడు. పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు గ్లాసుడయ్యేదాకా కదలకుండా కూచునేవాడు.

కషాయం తాగేక పథ్యం ఉంటుంది. ఎండ పశువుల సాల మీదకి ఎక్కేదాకా తూర్పు గోడకి ఆనుకుని కూచోవాలి, పని ముట్టకూడదు. ఇదీ వాళ్ళమ్మ చెప్పిందే. అచ్చియ్యమ్మ నోరు మంచిది కాదు గాని పథ్యం దగ్గర జడుసుకుంటుంది. మందు తాగిన మనిషి చేత పథ్యం తప్పిస్తే ఆ పాపం తప్పించినవాళ్ళదే అని ఆమె నమ్మకం. అందుకని ఆ పూట వాకిలి తనే ఊడ్చుకునేది, పాలు తనే పితుక్కునేది. సణుక్కుంటూనే.

కోడలు తేరుకుంది. నిజంగానే తేరుకుంది. అన్నం వార్చి గిన్నె దించుతున్నప్పుడు చెయ్యి వణకడం మానింది. ఒక సాయంత్రం తలారబోసుకుంటూ ఏదో పాట కూనిరాగం తీసింది. ఆ పాట విన్నాకే బంగార్రాజు ఆమెను జట్టుకి పంపమన్నాడు.

పూచీ పడ్డ మర్నాడు ఆయన ఇంకొంచెం ముందే లేచేడు. తీగ మామూలుకి రెట్టింపు వేసేడు. కషాయం నల్లగా, నాలిక మీద పెట్టుకోలేనంత చేదుగా దిగింది. రోజా గ్లాసుడూ తాగింది. మూతి తుడుచుకుని, అలవాటు కొద్దీ తూర్పు గోడ వైపు నడవబోయింది.

జట్టు వీధిలోకి వచ్చేసింది. బంగార్రాజు వాకిలి వైపు చూసేడు, కోడలి వైపు చూసేడు.

“ఇవాల్టికి పథ్యం వద్దులే అమ్మా. ఆకు డబుల్ ఏసేను.”

రోజా ఒక్క క్షణం గోడ దగ్గరే నిలబడింది. తర్వాత దండెం మీద చొక్కా తీసి తొడుక్కుంది.

ఆ రోజు ఆమె కట్టింది. ఏ సాలూ వదల్లేదు. బంగార్రాజు గట్టు మీద గడ్డి కోస్తున్నట్టు వంగి, దుబ్బుల సందులోంచి ఆ చొక్కా రంగునే వెతుక్కుంటూ ఉన్నాడు. రెండు దుబ్బుల ఆకు దగ్గరికి లాగుతుంది, మెలేస్తుంది, చుట్టూ తిప్పుతుంది, కొస లోపలికి దోపుతుంది. మళ్ళీ ముందు దుబ్బు. లోపల గాలాడదు, చెరకు నూగు మెడ మీద మంటెత్తిస్తుంది. ఆమె గోక్కోను కూడా ఆగలేదు. పళ్ళు బిగబట్టి చేస్తున్నట్టుందని ఆయనకి అనిపించింది. అనిపించినా, సాలు ముందుకి పోతోంది కదా అనుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి రోజా ఎక్కువ మాటాడింది, ఎక్కువ నవ్వింది. మొహం ఎర్రగా ఉంది. అచ్చియ్యమ్మ కోడలికి తనే అన్నం పెట్టి, మనసు పెడితే ఎందుకు అవదు అంది. బంగార్రాజు చుట్ట ముట్టించేడు. చాలా రోజుల తర్వాత చుట్ట కమ్మగా ఉందనిపించింది.

*

తెల్లారేక రోజా లేవలేదు.

కళ్ళు తెరిచే ఉన్నాయి. కషాయం గ్లాసు పక్కన పెట్టి లేపితే తల దిండు మీంచి రాలేదు. అచ్చియ్యమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడుకి రోజా చెవులు మూసుకుందామని చేతులెత్తబోయింది. చేతులు సగం దూరం వచ్చి దుప్పటి మీద పడిపోయేయి. బంగార్రాజు ఆ చేతుల్ని చూసి గ్లాసు తీసేసేడు.

వీధిలో జట్టు ఆగింది. మంగాయమ్మ గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, పూచీ ఏటయింది బావా అని మెల్లగా అడిగింది. ఆయన చేతిలో గ్లాసు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె తల తిప్పుకుని వెళ్ళిపోయింది. నవ్వు ఏ మూలా లేదు. అదే ఆయనకి గుచ్చుకుంది.

ఆ పగలంతా ఇంట్లో అచ్చియ్యమ్మ నోరే వినపడింది. చేను పడిపోతే ఎవరిని అడగాలి, కొడుకు కంపెనీ డ్యూటీ వదిలి వస్తాడా, మగాడివై ఉండి ఆడోళ్ళ జట్టుకి మాటిస్తావా. కొడుకు సత్తిబాబు ఫోన్లో ఒకటే అన్నాడు, లీవు ఇవ్వరు నాన్నా అని. టీవీలో సముద్రం బొమ్మ వేసి మధ్యలో ఎర్రటి సుడి తిప్పుతున్నారు. వాయుగుండం ఎటు పోతుందో ఇంకా చెప్పలేమంటున్నారు. మధ్యాన్నానికి వాన మొదలయింది. గాలి లేదు, వానే. జట్టు మధ్యలోనే పని ఆపి ఇళ్ళకి వచ్చేసింది.

వాన తెరిపిచ్చిన పూట చూసి బంగార్రాజు ఆటో మాటాడి కోడలిని చోడవరం తీసుకెళ్ళేడు. ఆస్పత్రిలో లేడీ డాక్టరు పాత కాగితాలు చూసింది గాని, వాటికంటే ఎక్కువసేపు రోజాని అడిగింది. ఇలాంటి జ్వరాల తర్వాత కొంతమందికి ఈ నీరసం ఉండిపోతుందని, ఇది బద్ధకం కాదని చెప్పింది. అలిసిపోయేక కూచుంటే లాభం లేదు, అలిసిపోక ముందే కూచోవాలంది. బాగున్న రోజునే భయపడాలి, ఆ రోజునే ఎక్కువ చేసేస్తారు అంది. కషాయం సంగతి బంగార్రాజే చెప్పేడు, దాచలేదు. ఆమె వెటకారం చెయ్యలేదు. ఆకుకూరలు వండుకు తినమంది. తిప్పతీగ మాత్రం రోజూ అంత చిక్కగా తాగితే, వంటికి పడనివాళ్ళకి లివరు దెబ్బతింటుంది, రక్తపరీక్ష వచ్చేదాకా ఆపెయ్యమంది.

బంగార్రాజు తల ఊపేడు. బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూచుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కోడలికి తను ఇవ్వగలిగింది ఆ గ్లాసొక్కటే. అదీ వద్దన్నారు. పక్కన రోజా గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆయన ఆమె వైపు తిరిగి అడిగేడు. “మరి మొన్నటిదాకా బాగానే తేరుకున్నావు కదమ్మా. అదంతా ఏటి?”

రోజా కళ్ళు తెరవలేదు.

“తేరుకున్నాను మావయ్యా. ఆకు వల్లో కాదో నాకు తెలీదు. మందు తాగేక మీరు కూకోమనీవోరు కదా, ఎండ సాల మీదకొచ్చేదాకా. నాకీ జబ్బొచ్చేక ఆ ఇంట్లో తిట్లు తినకుండా కూకున్నది అప్పుడే.”

బంగార్రాజు ఎదురుగా మళ్ళీ పట్టిన వానలో ఆగిన ఆటోలకేసి చూసేడు. ఆకు రెట్టింపు చేసి తను ఆ రోజు తీసేసింది ఏమిటో అప్పుడు తెలిసింది.   లేచి వెళ్ళి, టీకొట్లో పాలు వేడిగా పట్టించుకుని తెచ్చి ఆమె చేతికి ఇచ్చేడు. ఆమె తాగినంతసేపూ గ్లాసు కింద తన అరచెయ్యి ఉంచేడు.

*

వాన ఆగేదాకా జట్టు కదల్లేదు. ఆ వానే రోజాకి కలిసొచ్చింది. మంచం దిగి నడిచింది, తలంటుకుంది. ఇంట్లో మిగిలిన తీగముక్కలు పెంటకుప్ప మీద పడేసి ఉన్నాయి. పొయ్యి మీద మాత్రం గిన్నె ఉడుకుతూనే ఉంది. అచ్చియ్యమ్మ మూత తీసి చూసింది. పొన్నగంటాకు, గలిజేరాకు, రెండు మిరియాలు, ఉప్పు. ఉత్త ఆకు చారు. పెంటకుప్ప కేసీ చూసింది, మొగుడి కేసీ చూసింది. ఇదేం మందయ్యా అని అడుగుతుందనుకున్నాడు. ఆమె మూత పెట్టేసింది.

మబ్బు కమ్మే ఉంది గాని చినుకు ఆగిన పొద్దున్న జట్టు బయల్దేరింది. ఆ రోజు మంగాయమ్మ చేను. ఆ తర్వాత రావలసింది బంగార్రాజు చేనే, జట్టు లెక్కలో ఉంటే. గుమ్మం ముందు చారు తాగేసిన రోజా చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడింది. పక్కన బంగార్రాజు. ఆయనా ఫుల్‌హేండ్సు చొక్కా వేసుకున్నాడు, మెడకి కండువా కట్టేడు.

ఆడవాళ్ళు ఆగిపోయేరు.

బంగార్రాజు అబద్ధం ఎలా మొదలెట్టాలో రాత్రంతా అనుకున్నాడు. నోటికి వచ్చింది ఇంతే. “మందు మారింది. పథ్యం గట్టిది. ఒక సాలు కట్టాల, ఒక సాలు కూకోవాల. పొద్దు నెత్తి మీదకొస్తే ఇంటికొచ్చీయాల. కోడలు కూకున్న సాలు నేను కడతాను. చెయ్యి తగ్గదు.”

ముందు ఒకరు నవ్వేరు, తర్వాత అందరూ. ఆకు లాగితే గాజులు అడ్డం పడతాయి జాగ్రత్త మావా అన్నారు ఒకరు. మీ ఆవిడ కోక ఇచ్చిందా లేదా అన్నారు ఇంకొకరు. బంగార్రాజు చెవులు వేడెక్కేయి. కదల్లేదు.

మంగాయమ్మ నవ్వలేదు. “సాలు విడిసి సాలా? అలాంటి పథ్యం నేనెక్కడా వినలేదు బావా. ఏటే రోజా, నిజమేనా?”

రోజా మావగారి వైపు చూసింది. “నిజమే. తప్పితే మళ్ళీ మొదటికొస్తాది. మొన్న తప్పేను, సూసేరు కదా.”

మంగాయమ్మ కళ్ళు ఈసారి అచ్చియ్యమ్మ మీదకి వెళ్ళేయి. అత్త నోటమ్మట నిజం వస్తుందని ఊరందరికీ తెలుసు. అచ్చియ్యమ్మ గుమ్మానికి చెయ్యి ఆనించి ఉంది. పెంటకుప్ప అక్కడికి కనపడుతూనే ఉంది. 

“పథ్యమంటే పథ్యమే,” అంది అచ్చియ్యమ్మ. “తప్పిస్తే ఆ పాపం మీకే సుట్టుకుంటాది. నన్నడక్కండి.”

 పథ్యం తప్పించేంత ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు. మంగాయమ్మ కండువా కట్టుకున్న ఆ ముసలాయన్ని పైనించి కిందికి ఓసారి చూసి, నడవండి, వానొస్తాది అంది.

మంగాయమ్మ చేలో రోజా ఒక సాలు కట్టింది. చివరికి చేరేసరికి ఇంకా సత్తువ మిగిలే ఉంది. ఇంకో సాలు కట్టగలననే అనిపించి ఉంటుంది. బంగార్రాజు సాలు మొదట్లో అడ్డంగా నిలబడి గట్టు చూపించేడు. ఆమె వెళ్ళి కూచుంది. ఆయన వంగేడు. ఈ పని కుర్రతనంలో చేసినదే, చేతులు మరిచిపోయేయి. మొదటి ముడి జారిపోయింది. పక్క సాలులో కిసుక్కుమన్నారు. రెండోది నిలిచింది. ఆడవాళ్ళ కంటే వెనకబడ్డాడు గాని సాలు వదల్లేదు. పొద్దు నెత్తి మీదకి వచ్చేక రోజా ఇంటికి వెళ్ళిపోతే, తర్వాతి సాళ్ళన్నీ ఆయనవే అయ్యేయి. సాయంత్రానికి మోచేతుల దాకా ఎర్రటి గీతలు. నూగు గుచ్చుకుని వళ్ళంతా ఒకటే మంట.

మర్నాడు రోజా లేచింది. అంత హుషారుగా ఏమీ లేదు. లేచింది, అంతే. అచ్చియ్యమ్మ వాకిలి ఊడుస్తోంది.

*

బంగార్రాజు చేలోకి జట్టు దిగిన రోజు ఆకాశం బూడిద రంగులో ఉంది. టీవీ వాళ్ళు వాయుగుండం తీరం వైపు తిరిగిందన్నారు. తూర్పు నించి గాలి ఉండుండి ఒక్కసారిగా తోస్తోంది. తోసినప్పుడల్లా కట్టని సాళ్ళ చెరకు ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ లేచేటప్పుడు కరకరమంటోంది. కట్టిన సాళ్ళు మాత్రం గుంపుగా నిలబడ్డ మనుషుల్లా కదలడం లేదు. నవ్వులు, వేళాకోళాలు ఆ రోజు లేవు. అందరూ వంగి ఆకు లాగుతున్నారు.

రోజా ఒక సాలు కట్టి కూచుంది, మళ్ళీ ఒకటి కట్టి కూచుంది. కూచున్నప్పుడు జట్టులో ఎవరూ ఆమె కేసి చూడ్డం లేదు. అది ఇప్పుడు పనిలో భాగమైపోయింది. మధ్యాన్నం కాకముందే చేను చాలా మటుకు కట్టేసేరు. దిగువ వైపు ఓ మూల చెక్క మిగిలింది.

బంగార్రాజు తన సాలులో ఉన్నాడు. పక్క సాలు మంగాయమ్మది. ఆమె ఆకు లాగే చప్పుడు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది, ఆగదు. ఆ చప్పుడుని పట్టుకునే ఆయన పని చేసుకుపోతున్నాడు. అది ఆగింది.

దుబ్బుల సందులోంచి చూసేడు. మంగాయమ్మ రెండు చేతులతోనూ దుబ్బుని పట్టుకుని నిలబడింది. తువ్వాలు మెడ మీదకి జారిపోయింది. కళ్ళు మూసుకుని ఉంది. ఇన్నేళ్ళలో ఆ మొహాన్ని తువ్వాలు లేకుండా చేలో ఎప్పుడూ చూడలేదని ఆయనకి అప్పుడు తట్టింది. ఎంత ముసలిదైపోయింది అనుకున్నాడు.

“బావా.”

“ఊఁ.”

“ఆ పథ్యం నాకు పనికొస్తాదేటి?”

ఆయనకి ముందు ఆకే గుర్తొచ్చింది. “గలిజేరయితే ఇంట్లో ఉన్నాది. నేలఉసిరి కావాలంటే కొండ వారకి...”

“ఆకొద్దు.” మంగాయమ్మ కళ్ళు తెరిచింది. ముందు సాళ్ళలో వంగిన జట్టు వైపు చూసి గొంతు తగ్గించింది. “ఎన్నేళ్ళయ్యిందో బావా, నా వళ్ళు నాకు తెలీకుండా. వీళ్ళని కూకోకండీ కూకోకండీ అని నేనే తోల్తాను కదా. నన్ను కూకోమని సెప్పీవోలు ఎవులున్నారు?”

గాలి మళ్ళీ తోసింది. మూల చెక్కలో చెరకు వంగి, కాసేపు అలాగే ఉండి, అతి కష్టం మీద లేచింది. బంగార్రాజు ఆ చెక్క కేసి చూసేడు. మబ్బు కేసి చూసేడు.

“కూకో మంగా,” అన్నాడు.

ఆమె వెంటనే కదల్లేదు. ఆ మాట నిజంగా తనకే అన్నాడా అన్నట్టు ఇంకాసేపు దుబ్బుని పట్టుకునే నిలబడింది. తర్వాత ఆకు తోసుకుంటూ గట్టు మీదకి ఎక్కింది. జట్టులో ఆకు లాగే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. అందరూ తలెత్తి చూసేరు. గట్టు మీద రోజా పక్కకి జరిగి చోటిచ్చి, నీళ్ళ సీసా మూత తీసి ఆమె చేతికి అందించింది. మంగాయమ్మ తాగకుండా సీసా ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు జాపుకుంది.

ఒకరి తర్వాత ఒకరు మళ్ళీ వంగేరు. చప్పుడు మొదలయింది.

మంగాయమ్మ సాలులో ఒక ముడి సగంలో ఉండిపోయింది. మెలి ఊడిపోతోంది. బంగార్రాజు తన సాలు దాటి వెళ్ళి, ఆ కొస అందుకున్నాడు.